రిపోర్టు మీద హెచ్ అని పడితే

(పర్లాకిమిడిలో తెలుగువారి సమావేశంలో ఒక విశ్రాంత పెథాలజీ వైద్యుడు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. గిడుగు రామమూర్తి గారు పిల్లలకు పాఠాలు చెప్పిన ఊరిది. ఇక్కడ నిలబడి నేను ‘స్కందనము’, ‘శోథ’ అంటూ మొదలుపెడితే ఆయన ఊరుకోరు. అందుకని ల్యాబులో మేం రోజూ అనుకునే మాటలే వాడతాను. ఫైబ్రిన్, ఇన్‌ఫ్లమేషన్, ఈఎస్ఆర్, సీఆర్పీ, డీ-డైమర్. ఈ మాటలు ఇప్పుడు మీకూ కొత్త కాదు కదా.

మనది సరిహద్దు ఊరు. జ్వరం వస్తే ముందు ఇక్కడి ఆసుపత్రి. తగ్గకపోతే బరంపురం. ఇంకా తగ్గకపోతే పాతపట్నం దాటి శ్రీకాకుళం, విశాఖపట్నం. మూడు చోట్ల మూడు ల్యాబులు, మూడు రిపోర్టులు. డాక్టరు గారు ఒడియాలో ‘ఫులిచి కి?’, అంటే ‘ఉబ్బిందా?’ అని అడుగుతారు. ఇంట్లో మామ్మకి తెలుగులో చెప్పాలి. రిపోర్టేమో ఇంగ్లీషులో ఉంటుంది. అందులో ఏదో ఒక అంకె పక్కన ‘హెచ్’ అని అచ్చయి ఉంటుంది. ఎక్కువ ఉందని అర్థం. ఆ ఒక్క అక్షరంతో ఇంటిల్లిపాదికీ టెన్షన్.

చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. రక్తం గడ్డకట్టడం, ఒంట్లో వాపు రావడం, ఇవి ఒకదానికొకటి సంబంధం లేని సంగతులు కావు. ఒళ్లు తనను కాపాడుకోవడానికి చేసుకున్న ఒకే ఏర్పాటులో రెండు భాగాలు. ఒకటి కదిలితే రెండోదీ కదులుతుంది. కాబట్టే ఈ పరీక్షల్లో ఏ ఒక్కటీ తనంతట తాను జబ్బు పేరు చెప్పలేదు. ఇది ఎందుకో చెప్పడానికే ఇంతసేపూ.

కత్తిపీట దగ్గర వేలు తెగింది అనుకోండి. కొద్ది నిమిషాల్లో రక్తం ఆగుతుంది. ఎలా ఆగింది? రక్తంలో ఫైబ్రినోజన్ అనే ప్రోటీను ఎప్పుడూ కరిగి తిరుగుతూనే ఉంటుంది. దాన్ని తయారుచేసేది లివరు. మామూలు మనిషికి 100 మిల్లీలీటర్ల ప్లాస్మాలో, అంటే రక్తంలో కణాలు పోగా మిగిలే ద్రవంలో, 200 నుంచి 400 మిల్లీగ్రాములు ఉంటుంది. గాయమైతే ఫ్యాక్టర్లు అనే కొన్ని ప్రోటీన్లు ఒకదాన్నొకటి వరసగా లేపి, చివరికి త్రాంబిన్ అనే ఎంజైము పుడుతుంది. అది ఫైబ్రినోజన్ నుంచి చిన్న చిన్న తునకలు కత్తిరిస్తుంది. అంతే, అప్పటిదాకా కరిగి ఉన్నది దారాలుగా మారి అల్లుకుంటుంది. ఆ దారమే ఫైబ్రిన్. గోపాల్‌పూర్ జాలరి వలలో చేపలు పడ్డట్టు ఎర్రకణాలూ ప్లేట్‌లెట్లూ అందులో చిక్కుపడతాయి. తరవాత పదమూడో ఫ్యాక్టరు వచ్చి ఆ దారాలకు ముడులు వేస్తుంది. గాయం మానేకొద్దీ ప్లాస్మిన్ అనే ఇంకో ఎంజైము వాటిని కోసిపారేస్తుంది. ముడి దగ్గర కోసినప్పుడు రాలే ముక్కే డీ-డైమర్. అంటే ఒంట్లో ఎక్కడో ఫైబ్రిన్ తయారైంది, ముడిపడింది, కోతకూడా పడింది అని ఆ ముక్క సాక్ష్యం చెబుతుంది. ఎక్కడ, ఎందుకు అనేది మాత్రం చెప్పదు.

ఈ దారాలను చూడటం నిన్నమొన్నటి సంగతి కాదు. ఇటలీలో మాల్పీగీ అనే ఆయన 1666లోనే గడ్డకట్టిన రక్తాన్ని బాగా కడిగి, ఎరుపంతా పోయాక మిగిలిన తెల్లటి పోగులను మైక్రోస్కోపులో చూసి రాసిపెట్టాడు.

ఇక వాపు, అంటే ఇన్‌ఫ్లమేషన్ సంగతి. ఎరుపు, వాపు, వేడి, నొప్పి అని నాలుగు గుర్తులు రెండువేల ఏళ్ల కిందట రోమ్‌లో సెల్సస్ రాశాడు. ఇవాళ్టికీ వైద్య విద్యార్థి మొదటి ఏళ్లలో నేర్చుకునేవి ఇవే. దెబ్బ తగిలిన చోట రక్తనాళాలు వెడల్పవుతాయి, అందుకే ఎరుపూ వేడీ. నాళాల గోడల్లో సందులు ఏర్పడి ప్లాస్మా బయటికి కారుతుంది, అదే వాపు. అక్కడ పుట్టిన రసాయనాలు నరాలను రేపుతాయి, అదే నొప్పి. ఇప్పుడు ఒక్క సంగతి గమనించండి. బయటికి కారిన ప్లాస్మాలో ఏముంది? ఫైబ్రినోజన్ ఉంది. అది నాళం బయట కూడా ఫైబ్రిన్ అవుతుంది. క్రిములు పాకకుండా చుట్టూ అడ్డుకడుతుంది, తెల్లకణాలు పట్టుకుని ముందుకు నడవడానికి ఆసరా ఇస్తుంది. వాపున్న చోట ఫైబ్రిన్ ఉండటం ప్రమాదం కాదు, మన మేలుకే.

మేలు మితి మీరితేనే చిక్కు. టీబీలో ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిన కేసులు మన ప్రాంతంలో తక్కువేం కాదు. ఆ నీటిలో ఫైబ్రిన్ పోగులు పేరుకుంటే నీరంతా గదులు గదులుగా విడిపోతుంది. సూది పెట్టి తీస్తే ఒక గదిలోది వస్తుంది, పక్క గదిలోది రాదు. రోజులు గడిచేకొద్దీ ఆ పోగుల్లోకి కణాలు పాకి మచ్చకణజాలం పుడుతుంది. అప్పుడు దాన్ని ఫైబ్రోసిస్ అంటారు. ఫైబ్రిన్‌ను ప్లాస్మిన్ కోయగలదు. ఫైబ్రోసిస్‌ను కోసే ఎంజైము మందుల షాపులో దొరకదు. అందుకే టీబీ మందులు ఆలస్యం చేయవద్దనేది.

ఇంకో రెండు మాటలు చెప్పి ముందుకు వెళ్తాను. ఇన్‌ఫ్లమేషన్ అంటే ఇన్‌ఫెక్షన్ కాదు. బొటనవేలి కీలు రాత్రికి రాత్రి ఎర్రగా ఉబ్బే గౌట్‌లో క్రిమి అనేది ఉండదు, యూరిక్ యాసిడ్ స్ఫటికాలు ఉంటాయి. దానికి యాంటీబయాటిక్ ఎన్ని వేసినా దండగే. అలాగే రెండు కాళ్లూ ఉబ్బి, వేలితో నొక్కితే గుంట పడుతోందనుకోండి. ఎరుపూ వేడీ లేవు. అది గుండెదో కిడ్నీదో కావచ్చు, ఇన్‌ఫ్లమేషన్ కాదు. మనం రెంటినీ ‘వాపు’ అనే అంటాం కాబట్టి డాక్టరుకు చెప్పేటప్పుడు వేడి ఉందా, ఎరుపు ఉందా అని కూడా చెప్పండి.

గంజాం తీరంలోనూ అటు శ్రీకాకుళం తీరంలోనూ బోదకాలు చూశారు కదా. అందులో ఈ రెండు రకాలూ కలిసి ఉంటాయి. క్యూలెక్స్ దోమ ఎక్కించిన పురుగు లింఫు నాళాలను పాడుచేస్తుంది, నీరు కిందికి దిగి నిలిచిపోతుంది. అది ఒకటి. మధ్యమధ్య చలిజ్వరం వచ్చి కాలు ఎర్రబడి గూడబిళ్లలు కడతాయే, అది ఇన్‌ఫ్లమేషన్. చాలాసార్లు కాలివేళ్ల సందుల్లో ఒరుపుల ద్వారా దూరిన బాక్టీరియావల్ల వస్తుంది. ప్రతి జ్వరానికీ చర్మం కింద మచ్చకణజాలం ఇంకాస్త పెరిగి కాలు గట్టిపడుతుంది. రోజూ సబ్బుతో కాలు కడిగి, వేళ్ల సందులు తడి లేకుండా తుడుచుకుంటే ఈ జ్వరాలు తగ్గుతాయి. ఖర్చు లేని పని కాబట్టి ఎవరూ పట్టించుకోరు!

సరే, రిపోర్టుకి వద్దాం. ముందు ఈఎస్ఆర్. దీని కథ నాకు చాలా ఇష్టం.

పాతకాలంలో యూరప్‌లో ఏ జబ్బుకైనా నరం కోసి రక్తం తీసేవారు. గిన్నెలో పట్టిన రక్తం గడ్డకట్టాక జ్వరపడ్డ మనిషి రక్తం మీద తెల్లటి పొర తేలేది. ఆరోగ్యంగా ఉన్నవాడి రక్తంలో అంతగా తేలేది కాదు. ఆ పొరే జబ్బు, దాన్ని తీసేస్తే నయమవుతుందని ఇంకాస్త రక్తం తీసేవారు. పాపం, రోగి సంగతి మీరే ఊహించుకోండి. నిజానికి జరిగింది ఇదీ. ఇన్‌ఫ్లమేషన్‌లో లివరు ఫైబ్రినోజన్ ఎక్కువగా తయారుచేస్తుంది. అది ఎక్కువైతే ఎర్రకణాలు ఒకదాని మీద ఒకటి దొంతరలుగా అతుక్కుని, బరువెక్కి త్వరగా అడుగుకు దిగుతాయి. గడ్డకట్టేలోపే అవి దిగిపోవడంతో పైన ఎరుపు లేని ఫైబ్రిన్ మిగిలిపోయేది. తెల్లపొర అదే.

స్వీడన్‌లో ఫారేయస్ 1918లో, వెస్టర్‌గ్రెన్ 1921లో దీన్నే పరీక్షగా మలిచారు. సన్నటి గాజుగొట్టంలో, గడ్డకట్టకుండా మందు కలిపిన రక్తం పోసి నిలబెట్టి, గంటలో ఎర్రకణాలు ఎన్ని మిల్లీమీటర్లు దిగాయో చూడటమే ఈఎస్ఆర్. అంటే ఈఎస్ఆర్ అంటూ మేం కొలుస్తున్నది చాలావరకు ఫైబ్రినోజన్‌నే, దొడ్డిదారిన.

దొడ్డిదారి కాబట్టి మోసాలూ ఉన్నాయి. రక్తహీనత ఉంటే ఈఎస్ఆర్ పెరుగుతుంది. కడుపుతో ఉంటే పెరుగుతుంది. వయసుతో పెరుగుతుంది. మగవారికైతే వయసులో సగం, ఆడవారికైతే వయసుకు పది కలిపి అందులో సగం, అంతవరకూ మామూలే అని ఒక మోటు లెక్క ఉంది. డెబ్బై ఏళ్ల మామ్మకు ఈఎస్ఆర్ 38 వస్తే రిపోర్టు మీద హెచ్ పడుతుంది. ఆ లెక్కన 40 దాకా ఆవిడకు మామూలే.

మోసం రెండోవైపూ ఉంది. రాయగడ, కోరాపుట్ వైపు సికిల్ సెల్ ఉన్న కుటుంబాలు చాలానే ఉన్నాయి. వంకర తిరిగిన ఎర్రకణాలు దొంతరలు కట్టలేవు. ఒంట్లో ఎంత ఇన్‌ఫ్లమేషన్ ఉన్నా వాళ్ల ఈఎస్ఆర్ తక్కువగానే రావచ్చు. అక్కడ హెచ్ పడలేదని ఊరడిల్లడం ప్రమాదం. సికిల్ సెల్ ఉందని తెలిస్తే రక్తం తీసేవాళ్లకు ముందే చెప్పండి, ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

సీఆర్పీ అనే ప్రోటీను గురించి క్లుప్తంగా చెబుతాను. ఇది కూడా లివరు నుంచే, దాదాపు అదే ఆదేశం మీద వస్తుంది. వాపున్న చోటి నుంచి ఐఎల్-6 అనే సంకేతం లివరుకు చేరితే అది ఫైబ్రినోజన్‌నూ సీఆర్పీనీ రెంటినీ పెంచుతుంది. తేడా వేగంలో ఉంది. సీఆర్పీ గంటల్లో లేస్తుంది, రెండు రోజులకు శిఖరం చేరుతుంది, కారణం పోతే దాదాపు 19 గంటలకు సగమవుతుంది. ఫైబ్రినోజన్ సగం కావడానికి నాలుగు రోజులు పడుతుంది. అందుకే జ్వరం తగ్గి అన్నం తింటున్న మనిషికి కూడా ఈఎస్ఆర్ ఇంకా ఎక్కువే చూపిస్తుంది. రెండ్రోజులకోసారి ఈఎస్ఆర్ చేయించడం ల్యాబుకు లాభం, మీకు కాదు. ల్యాబువాణ్ణి నేనే చెబుతున్నాను. (నవ్వులు)

ఇక్కడ ఒక మనిషిని మీకు పరిచయం చేయాలి. విలియం టిల్లెట్ అని అమెరికా డాక్టరు. న్యూమోనియా రోగుల రక్తంలో సీఆర్పీని 1930లో కనిపెట్టిన ఇద్దరిలో ఆయన ఒకడు. రెండోవాడు థామస్ ఫ్రాన్సిస్. అదే టిల్లెట్ 1933లో ఇంకోటి బయటపెట్టాడు. గొంతునొప్పి తెచ్చే స్ట్రెప్టోకాకస్ క్రిమి మనిషి ఫైబ్రిన్‌ను కరిగించేస్తుందని. ఆ పదార్థమే స్ట్రెప్టోకైనేజ్. 1949లో ఊపిరితిత్తి చుట్టూ పేరుకున్న చీము, ఫైబ్రిన్ మీద దాన్ని వాడి చూశారు. తరవాత గుండెపోటుకు మందు అయింది. గుండె రక్తనాళంలో గడ్డను కరిగించడానికి 15 లక్షల యూనిట్లు గంటసేపు ఎక్కిస్తారు. నొప్పి మొదలైన 12 గంటల్లోపే, ఎంత ముందైతే అంత మేలు. క్రిమినుంచి వచ్చింది కాబట్టి ఒకసారి ఇచ్చాక ఒంట్లో దానికి యాంటీబాడీలు పుడతాయి, మళ్లీ ఇవ్వడానికి వెనకాడతారు. ఇప్పుడు టెనెక్టెప్లేజ్ అనే గడ్డ కరిగే మందు వచ్చాక ఆ ఇబ్బంది లేదు. గుండెనొప్పి వస్తే ఇక్కడినుంచి నేరుగా విశాఖ బయలుదేరే అలవాటు మనవాళ్లకి ఉంది. దారిలో పోయే గంటలు గుండె కండరానివి. దగ్గరి ఆసుపత్రిలో ఈసీజీ తీయించి, గడ్డ కరిగే మందు అక్కడే పడుతుందేమో అడిగి, ఆ తరవాత బయలుదేరండి.

డీ-డైమర్ పేరు మన ఊళ్లలోకి కోవిడ్‌తో వచ్చింది. 2020లో సూరత్ నుంచి మగ్గాల కూలీలు తిరిగివచ్చాక గంజాం ఎలా ఉందో మీలో చాలామందికి తెలుసు. అప్పటినుంచి జ్వరానికి కూడా డీ-డైమర్ చేయించేస్తున్నారు. ఈ పరీక్ష బలం ‘లేదు’ అని చెప్పడంలో ఉంది. కాలి నరంలోనో ఊపిరితిత్తిలోనో గడ్డ ఉండే అవకాశం తక్కువని డాక్టరుకు అనిపించి, డీ-డైమర్ కూడా తక్కువగా వస్తే, స్కానింగు లేకుండా ధైర్యంగా ఇంటికి పంపవచ్చు. ఎక్కువ వస్తే మాత్రం అది గడ్డ అని తేలినట్టు కాదు. కాన్పు, ఆపరేషన్, దెబ్బలు, న్యూమోనియా, క్యాన్సరు, వట్టి ముసలితనం, అన్నిటికీ పెరుగుతుంది. చాలా ల్యాబుల గీత 500 నానోగ్రాముల దగ్గర ఉంటుంది. యాభై దాటినవారికి వయసును పదితో హెచ్చించి ఆ గీత పెట్టుకోవచ్చని ఇప్పుడు అంటున్నారు. డెబ్బై ఏళ్లవారికి 700 అన్నమాట.

ఇప్పటిదాకా ఫైబ్రిన్ ఎక్కువైన సంగతులు చెప్పాను. అసలు ఫైబ్రిన్ అనేదే లేకుండా పోతే? వానాకాలం కోతల్లో పొలం గట్ల మీద అది జరుగుతుంది. రక్తపింజరి. ఒడియావాళ్లు చందన బొడ అంటారు. దాని విషం పదో ఫ్యాక్టరునూ ఐదో ఫ్యాక్టరునూ ఒక్కసారిగా లేపుతుంది. ఒళ్లంతా త్రాంబిన్. ఉన్న ఫైబ్రినోజన్ అంతా చిన్న చిన్న పోగులుగా ఖర్చయిపోతుంది. ప్లాస్మిన్ వాటినీ కోసేస్తుంది. చివరికి గడ్డకట్టడానికి ముడిసరుకే మిగలదు. చిగుళ్ల నుంచి, మూత్రంలో, సూది పొడిచిన చోట నుంచి రక్తం కారుతూ ఉంటుంది. కాటు చోట మాత్రం పెద్ద వాపు, మంట. ఒకే విషం, ఒకవైపు ఇన్‌ఫ్లమేషన్, ఒకవైపు ఫైబ్రిన్ దివాలా.

దీనికి పెద్ద మిషన్ అక్కర్లేదు. కొత్త, శుభ్రమైన, పొడి గాజుగొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచాలి. తరవాత వంచి చూడాలి. గడ్డకట్టకుండా జారిందా, విషం రక్తంలో పనిచేస్తున్నట్టే. గాజే ఎందుకంటే, గడ్డకట్టే పనిని మొదలుపెట్టేది గాజు తాకిడే. ప్లాస్టిక్ గొట్టం వాడినా, సబ్బుతో కడిగినది వాడినా పరీక్ష తప్పుతుంది. గడ్డకట్టలేదంటే పాము విషానికి విరుగుడు, ఏఎస్‌వీ ఇస్తారు. అది విషాన్ని పట్టుకుంటుంది, అంతే. కొత్త ఫైబ్రినోజన్ లివరే తయారుచేసుకోవాలి, దానికి సుమారు ఆరు గంటలు కావాలి. ఆరు గంటలకు మళ్లీ గొట్టం ఎందుకు పెడుతున్నారని నర్సమ్మతో పోట్లాడకండి.

ఈ విషంతోనే 1934లో ఇంగ్లండులో మాక్‌ఫర్లేన్, బార్నెట్ అనే డాక్టర్లు రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు, హీమోఫీలియా ఉన్నవాళ్ల గాయం మీద పైపూతగా వేసి రక్తం ఆపవచ్చని చూపించారు. మళ్లీమళ్లీ గర్భం పోయేవారికి ల్యాబులో చేసే ఒక పరీక్షలో ఇప్పటికీ పలచన చేసిన రక్తపింజరి విషమే వాడతాం.

పాము కరిస్తే కట్టు బిగించవద్దు, బ్లేడుతో గాట్లు పెట్టవద్దు. ఫైబ్రిన్ లేని ఒంటి మీద గాటు పెడితే అది ఆగదు. నొప్పి అంటున్నాడని డైక్లోఫినాక్ సూది పొడిపించవద్దు, ఆస్పిరిన్ వేయవద్దు, ప్లేట్‌లెట్లనూ చెడగొట్టి రక్తస్రావం పెంచుతాయి. కాలు కదపకుండా పడుకోబెట్టి ఏఎస్‌వీ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పేరులో ‘ఫైబ్ర’ ఉన్నంతమాత్రాన అన్నీ చుట్టాలు కావని కూడా చెప్పాలి. గర్భసంచిలో ఫైబ్రాయిడ్ అంటే కండరపు గడ్డ, ఫైబ్రిన్ గడ్డ కాదు. ఫైబ్రోమయాల్జియాలో ఒళ్లంతా నొప్పులే కానీ సీఆర్పీ మామూలుగానే ఉంటుంది. గుండెకు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటే పై గదులు అదురుతూ ఉండటం. అయితే ఆ అదురులో రక్తం నిలిచి ఫైబ్రిన్ గడ్డ పుట్టి మెదడుకు పోవచ్చు, అందుకని దానికి గడ్డకట్టకుండా మందు ఇస్తారు. అంటే అది దూరపు చుట్టం.

ఇక ప్రశ్నలు అడగండి.

(సభలో ఒకరు: డాక్టరు గారూ, ‘ఫైబ్రిన్ కరిగించి వాపు తీసేస్తుంది’ అని సెర్రాపెప్టేజ్, నాటోకైనేజ్ మాత్రలు ఇస్తున్నారు. వేసుకోవచ్చా?)

సెర్రాపెప్టేజ్‌ను మొదట పట్టుపురుగు కడుపులోని బాక్టీరియా నుంచి తీశారు. నాటోకైనేజ్ జపాన్‌వాళ్లు పులియబెట్టిన సోయా నుంచి. గాజుపాత్రలో ఫైబ్రిన్ మీద పోస్తే కరిగించేమాట నిజమే. మింగితే మన కడుపులో ప్రోటీన్లను అరిగించే రసాలు ఉన్నాయి కదండీ. వాటిని దాటి రక్తంలోకి చేరి పనిచేస్తాయనడానికి ఉన్న ఆధారాలు బలహీనం. పన్ను పీకించుకున్న వాపుకి నాలుగు రోజులు వేసుకుంటే చాలామందికి ఏమీ కాదు. గుండె నాళాల్లో గడ్డ కరుగుతుందని ఆన్‌లైన్‌లో కొని, డాక్టరు ఇచ్చిన మందు మానేస్తేనే కొంప మునుగుతుంది. రక్తం గడ్డకట్టకుండా మందు వాడేవాళ్లు అసలు ముట్టుకోవద్దు.

(ఒక పెద్దావిడ: బాబూ, మా ఆయన వార్ఫరిన్ వాడుతున్నారు. తోటకూర, మునగాకు పూర్తిగా మానేయమన్నారు. నిజమేనా?)

మానక్కర్లేదమ్మా. వార్ఫరిన్ అంటే రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు. అది విటమిన్-కె పనికి అడ్డుపడి, లివరు కొన్ని ఫ్యాక్టర్లను సరిగా తయారుచేయకుండా చూస్తుంది. ఆకుకూరల్లో ఆ విటమినే ఉంటుంది. ఒక వారం రోజూ తిని, తరవాత వారం అసలు తినకపోతే ఐఎన్ఆర్, అంటే రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే అంకె, పైకీ కిందికీ ఊగుతుంది. వారానికి రెండుసార్లు తినే అలవాటుంటే ఎప్పుడూ రెండుసార్లే పెట్టండి, ఆ అలవాటు మీదనే డాక్టరు మోతాదు సర్దుతారు. పండక్కి ఊరెళ్లి తిండి మారిపోతే మాత్రం తిరిగొచ్చాక ఒకసారి ఐఎన్ఆర్ చూపించండి. మోకాలి నొప్పికి ఆయన సొంతంగా మాత్ర కొనుక్కుంటే పారాసిటమాల్ తప్ప ఇంకోటి కొననివ్వకండి. అదికూడా రోజుల తరబడి వాడాల్సి వస్తే ముందు డాక్టరుకు చెప్పండి, దానివల్ల కూడా ఐఎన్ఆర్ పెరగొచ్చు.